అన్‌ఇన్‌స్టాల్ చేసినా వదలని సాఫ్ట్‌వేర్: ఊడవాల్సింది ఎవరు?

బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉండే మా పిన్ని కొడుకు పోయిన నెల ఒక ఆదివారం లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వైఫై కలిసినట్టే చూపిస్తోంది, నెట్ మాత్రం రావడం లేదు. పీజీ కింద ఉన్న రిపేరు షాపులో చూపిస్తే విండోస్ మళ్ళీ ఎక్కించాలి, 800 అవుతుంది అన్నారట.

“అంతకు ముందు ఏం చేశావురా?”

“ఏం చేయలేదన్నా.”

పాడైన లాప్‌టాప్ పట్టుకొచ్చిన ప్రతివాడూ ముందు చెప్పే మాట ఇదే. టీ తాగుతూ కాస్త గుచ్చి అడిగితే అసలు సంగతి బయటికి వచ్చింది. లాప్‌టాప్‌తో పాటు వచ్చిన యాంటీవైరస్ ట్రయల్ గడువు అయిపోయింది. డబ్బు కట్టమని రోజూ పీక్కు తింటుంటే విసుగొచ్చి తీసేశాడు. రీస్టార్ట్ చేశాడు. అప్పటి నుంచీ నెట్ లేదు.

వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి చూశాను. నెట్ నడవడానికి కావలసిన టీసీపీ/ఐపీ లాంటి వరుసల మధ్య ఆ తీసేసిన యాంటీవైరస్ పేరుతోనే ఒక ఫిల్టర్ ఇంకా టిక్కు పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది. నెట్‌లోంచి వచ్చే ప్రతి ముక్కా దాని చేతుల మీదుగా వెళ్ళాలి. కానీ దాన్ని నడిపించే ప్రోగ్రామ్ ఇప్పుడు లేదు. వాచ్‌మన్ ఉద్యోగం మానేస్తూ గేటుకి తాళం వేసి తాళంచెవి పట్టుకుపోయినట్టు. టిక్కు తీసి ఓకే నొక్కగానే వాట్సాప్ మెసేజ్‌లు టపటపా రాలాయి. తర్వాత ఆ కంపెనీ సైట్‌లోనే దొరికే రిమూవల్ టూల్ నడిపి మిగిలిందంతా తీసేశాం. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం నెట్ కాదు, వాడు ఆ తర్వాత చూపించింది. సమస్య తనే బాగు చేసుకుందామని, అప్పటికే ఎవరి కంప్యూటర్‌లోంచో ఎలాగో ఒక ఫ్రీ రిజిస్ట్రీ క్లీనర్ తెచ్చుకున్నాడు, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని ఊడ్చిపెడతానని చెప్పే రకం. అది స్కాన్ చేసి ఎర్రక్షరాల్లో 1,312 సమస్యలు ఉన్నాయని తేల్చింది. బాగు చేయాలంటే డబ్బు కట్టాలి. వాడు కట్టేవాడే, కార్డులో బ్యాలెన్స్ లేక ఆగాడు. తమాషా ఏమిటంటే, నెట్‌ని ఆపేసిన ఆ ఒక్క ఫిల్టర్ ఆ 1,312లో లేదు.

రిజిస్ట్రీ అంటే జనానికి ఉన్న భయం మీద బతికే వ్యాపారం ఇది. అసలు అందులో ఏముంటుంది? 1992లో విండోస్ 3.1తో ఇది చిన్నగా మొదలైంది. అంతకు ముందు ప్రతి సాఫ్ట్‌వేర్ తన సెట్టింగులను ఐఎన్ఐ అనే విడివిడి చిన్న టెక్స్ట్ ఫైళ్ళలో రాసుకునేది. విండోస్ 95 వచ్చేసరికి అన్నీ ఒకే పెద్ద పద్దు పుస్తకంలోకి చేరాయి. ఏ ఫైలు ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలి, తెర వెనక నడిచే ఏ సర్వీసు ఎప్పుడు మొదలవాలి, ఎవరి వాల్‌పేపర్ ఏది, అన్నీ అక్కడే. ఆ రోజుల్లో పుస్తకం లావెక్కితే నిజంగానే ఇబ్బంది ఉండేది. విండోస్ 2000 వరకూ రిజిస్ట్రీ సైజుకు ఒక పరిమితి ఉండేది, మెమరీలో దానికి కేటాయించిన చోటు తక్కువ. ఎక్స్‌పీతో ఆ ఏర్పాటు మారిపోయింది. అంటే “రిజిస్ట్రీ శుభ్రం చేస్తే సిస్టం స్పీడవుతుంది” అన్న మాట ఒకప్పుడు పూర్తిగా అబద్ధం కాదు. కాలం చెల్లిన సలహా అంతే.

ఇప్పుడు లెక్క వేరు. రిజిస్ట్రీలో ఒక్కో ఎంట్రీ కొన్ని బైట్లు, మహా అయితే కొన్ని వందల బైట్లు. వెయ్యి పాత ఎంట్రీలు తీసేస్తే మిగిలే చోటులో ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా పట్టదు. విండోస్ తనకు కావలసిన ఎంట్రీని పేరు పట్టుకుని నేరుగా వెతుక్కుంటుంది, పుస్తకమంతా మొదటి నుంచి చదవదు. మన ఇళ్ళలో పెళ్ళినాటి చదివింపుల పుస్తకం ఉంటుంది కదా. అందులో సగం మంది ఇప్పుడు లేరు. ఆ పేర్లు కొట్టేసినందువల్ల ఇంట్లో ఖర్చు తగ్గుతుందా? అదే చనిపోయినవాడి పేరు రేషన్ కార్డులో మిగిలిపోతే నెలనెలా బియ్యం పోతూనే ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ తర్వాత మిగిలే వాటిలో ఈ రెండు రకాలూ ఉంటాయి. క్లీనర్లు ఎర్రగా చూపించేదంతా దాదాపు మొదటి రకం. మనం పట్టించుకోవాల్సింది రెండో రకం: ఇంకా నడుస్తున్న సర్వీసులు, డ్రైవర్లు, లాగిన్ కాగానే లేచే స్టార్టప్‌లు, టైము ప్రకారం ప్రోగ్రామ్‌లను లేపే టాస్క్ షెడ్యూలర్‌లో దాక్కున్న పనులు.

అసలు ఇవెందుకు మిగులుతాయి? సోమరితనం ఒక్కటే కారణమనుకునేవాణ్ణి. లోతుకు వెళ్తే అంత సులువు కాదు. ఇన్‌స్టాలర్‌కు తను పెట్టిన ఫైళ్ళే తెలుసు. ఆ తర్వాత ప్రోగ్రామ్ నడుస్తూ పుట్టించిన క్యాష్‌లు (చేతికందేలా దాచుకున్న కాపీలు), లాగ్‌లు దాని లిస్టులో ఉండవు. డీఎల్ఎల్‌లని ఉమ్మడి కోడ్ ఫైళ్ళు కొన్ని ఉంటాయి, వాటిని నాలుగు సాఫ్ట్‌వేర్లు పంచుకుంటాయి, ఒకటి పోతూ పోతూ పీకేస్తే మిగతా మూడూ కుంటుతాయి. సెట్టింగులు కావాలనే వదిలేయడం కూడా ఉంది: రేపు మళ్ళీ వేసుకుంటే అన్నీ ఉన్నట్టే ఉండాలని. ట్రయల్ గడువు గుర్తులైతే మరీ కావాలనే. అవి చెరిగిపోతే నెలకోసారి తీసేసి మళ్ళీ వేసుకుని ఫ్రీగా వాడుకుంటాం మరి.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. ఒకే కంప్యూటర్‌ను ఇంట్లో ముగ్గురు వేర్వేరు లాగిన్లతో వాడుతుంటే, ముగ్గురికీ మూడు విడి రిజిస్ట్రీ ఫైళ్ళు ఉంటాయి. ఎన్‌టీయూజర్ డాట్ డీఏటీ (NTUSER.DAT) అని ఒక్కొక్కరి ఫోల్డర్‌లో ఒకటి. లాగిన్ కాని మనిషి ఫైలు మామూలుగా తెరుచుకోదు. నాన్న లాగిన్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అమ్మ లాగిన్‌లో రాసుకున్న సెట్టింగులు అలాగే పడి ఉంటాయి. దీనికి ఏ కంపెనీనీ తిట్టలేం.

రిజిస్ట్రీ మీద ఉన్న పట్టింపులో పదో వంతు మన సి డ్రైవ్ మీద పెట్టినా లాభం. బెళ్ళందూరులో నా పాత కొలీగ్ ఒకరికి 256 జీబీ డిస్కు. ఎప్పుడు చూసినా ఎర్ర గీత. యూజర్ ఫోల్డర్‌లో దాచి ఉంచిన ఫోల్డర్లు కనిపించేలా పెట్టి సైజుల వారీగా చూస్తే, ఏడాది కిందటే తీసేసిన మొబైల్ యాప్ తయారీ టూల్ తాలూకు ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) ఇమేజ్‌లు, బిల్డ్ క్యాష్‌లు కలిపి 38 జీబీ! అసలు టూల్ పోయింది, దాని సంసారమంతా ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ రాసుకుని బతికే ఈ ఊళ్ళో ఇలాంటి లాప్‌టాప్ లేని ఆఫీసు ఉండదనుకుంటాను. యూజర్ ఫోల్డర్‌లో దాగి ఉండే యాప్‌డేటాలో లోకల్, రోమింగ్, ఇంకా సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా, ఈ మూడు చోట్లా తీసేసిన సాఫ్ట్‌వేర్ల పేర్లతో ఫోల్డర్లు ఉన్నాయేమో చూసుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త: విండోస్ ఫోల్డర్‌లో దాచి ఉండే ఇన్‌స్టాలర్ అన్న ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. లావుగా ఉంటుంది, చెత్తలాగే కనిపిస్తుంది. దాన్ని ఊడ్చేస్తే ఆ తర్వాత వేరే సాఫ్ట్‌వేర్లను అప్‌డేట్ చేయడమూ కుదరదు, తీసేయడమూ కుదరదు.

చోటు సంగతి అలా ఉంచితే, ఆ మిగిలిన ఫోల్డర్లలో మన వివరాలుంటాయి. లాగిన్ టోకెన్లు, చాట్ క్యాష్, ఈమధ్య తెరిచిన ఫైళ్ళ పేర్లు. పాత లాప్‌టాప్ అమ్మేటప్పుడు యాప్‌లన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి “మొత్తం తీసేశాను” అని నిశ్చింతగా చేతులు దులుపుకునేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. అమ్మేముందు రీసెట్‌లో అన్నీ తొలగించు, డ్రైవ్ కూడా శుభ్రం చెయ్యి అన్న ఆప్షన్లు ఎంచుకోవాలి. దానికి గంటలు పట్టినా సరే.

క్లీనర్ల దగ్గరికి మళ్ళీ వస్తాను. మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు రెగ్‌క్లీన్ అని తనే ఒకటి ఇచ్చేది, తర్వాత మానేసింది. విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ అన్న ఇంకో టూల్‌ను 2010లో వెనక్కి తీసుకుంది, అది వేరే సాఫ్ట్‌వేర్లను పాడు చేస్తోందని. రిజిస్ట్రీ క్లీనర్లు వాడటాన్ని తాము సమర్థించమని ఆ కంపెనీ స్పష్టంగానే చెప్పింది. పైగా 2018లో వచ్చిన విండోస్ 10 1803 వెర్షన్ నుంచి రిజిస్ట్రీకి తనంతట తాను బ్యాకప్ తీసి పెట్టే పాత అలవాటును విండోస్ వదిలేసింది. మనం రీస్టోర్ పాయింట్ (సిస్టంను పాత స్థితికి తిప్పుకోవడానికి పెట్టుకునే గుర్తు) పెట్టుకోకుండా క్లీనర్‌కు పగ్గాలిస్తే వెనక్కి వచ్చే దారి ఉండకపోవచ్చు.

చీపురు కొనేముందు ఆ చీపురులో ఏముందో కూడా చూసుకోవాలి. 2017లో సీక్లీనర్ అనే పేరున్న క్లీనర్ 5.33 వెర్షన్‌లో దుండగులు హానికర కోడ్ జొప్పించారు. ఎక్కడో దొంగ సైట్లో కాదు, కంపెనీ అధికారికంగా ఇచ్చిన కాపీలోనే. దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లకు అది చేరింది. నమ్మకంగా ఇల్లు ఊడ్చేవాడి సంచిలోనే దొంగ దూరినట్టయింది.

తీసేసే ప్రోగ్రామే అసలు ప్రోగ్రామ్ కంటే ప్రమాదంగా మారిన కథ ఇంకా పాతది. 2005లో సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీలు కంప్యూటర్‌లో రహస్యంగా ఒక రూట్‌కిట్ (సిస్టం కంటికి కనబడకుండా దాక్కునే ప్రోగ్రామ్) దించుతున్నాయని విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ బయటపెట్టారు. గొడవ పెద్దదై కంపెనీ అన్‌ఇన్‌స్టాలర్ ఇచ్చింది. ఆ అన్‌ఇన్‌స్టాలర్ వదిలిన ముక్క వల్ల ఏ వెబ్‌సైటైనా ఆ కంప్యూటర్‌లో తనకు నచ్చింది నడిపించగలిగే కంత పడింది! 2019లో మ్యాక్‌లలో జూమ్ వంతు. యాప్ తీసేసినా అది పెట్టిన చిన్న వెబ్ సర్వర్ అలాగే ఉండి, మీటింగ్ లింకు నొక్కితే జూమ్‌ను మళ్ళీ తనే ఎక్కించేది. చివరికి యాపిల్ సంస్థే చడీచప్పుడు లేకుండా ఒక అప్‌డేట్ పంపి ఆ సర్వర్‌ను తీసేసింది. మ్యాక్‌లో రిజిస్ట్రీ అన్నదే లేదు, గమనించండి.

కాబట్టి నా గొడవ రిజిస్ట్రీతో కాదు. బెంగళూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసిన ప్రతివాడికీ తెలుసు, పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసేస్తారు. గోడకు నాలుగు మేకులు కొట్టినందుకే మనం కట్టుకుంటాం. మన కంప్యూటర్‌లో మకాం పెట్టి, డ్రైవర్లు దించి, గోడలన్నీ తూట్లు పొడిచి వెళ్ళిపోయిన సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం పైసా అడ్వాన్స్ ఉండదు. పైగా ఆ మేకులు పీకడానికి మనమే మరో సాఫ్ట్‌వేర్‌ను కొనాలి.

చేతకాక కాదు ఇది. ఫోన్‌లో యాప్ తీసేస్తే దాని సొంత ఫోల్డర్ మొత్తం పోతుంది, ఎందుకంటే మొదటి నుంచీ దాన్ని ఒకే గదిలో ఉంచారు. విండోస్‌లోనూ 2018 నుంచి ఎంఎస్ఐఎక్స్ అన్న పద్ధతి ఉంది. అందులో వచ్చే ప్రోగ్రామ్ రిజిస్ట్రీలో రాసేది, యాప్‌డేటాలో పెట్టేది విడిగా దాని ఖాతాలోనే ఉండి, అన్‌ఇన్‌స్టాల్‌తో పాటే పోతాయి. ఏళ్ళు గడిచినా పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు పాత పద్ధతిలోనే వస్తున్నాయి. లోతుగా డ్రైవర్లు పెట్టేవాళ్ళకు అది కుదరదు, ఒప్పుకుంటాను. మిగతావాళ్ళ మాటేమిటి? కనీసం పోయేముందు “మీ సెట్టింగులు, డేటా కూడా తీసేయమంటారా?” అని ఒక్క ప్రశ్న అడగొచ్చు. క్రోమ్ అడుగుతుంది. ఆ ఒక్క టిక్కుబాక్సు పెట్టడం ఎవరికీ భారం కాదు. పెట్టనివాళ్ళను పెట్టేలా చేసే బలం మైక్రోసాఫ్ట్‌కే ఉంది. ఆ పని వదిలేసి, క్లీనర్లు వాడకండి అని మనకు నీతులు చెప్పడం సగం పనే.

అప్పటిదాకా నేను చేసేది చెబుతాను. రీస్టోర్ పాయింట్ పెట్టుకుని, సెట్టింగ్స్‌లోంచే అన్‌ఇన్‌స్టాల్ చేస్తాను. ఫోల్డర్‌ను చేత్తో డిలీట్ చేయను. యాంటీవైరస్ అయితే దాని కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ తప్పనిసరి. తర్వాత, తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రామ్‌లన్నీ చూపించే ఆటోరన్స్ తెరుస్తాను, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చేదే. ఫైలు పోయి ఎంట్రీ మాత్రం మిగిలిన వరుసలు పసుపుపచ్చగా కనిపిస్తాయి. వాటి టిక్కు తీస్తాను, డిలీట్ చేయను. వారం రోజులు ఏ తేడా రాకపోతే అప్పుడు చూసుకోవచ్చు. పసుపు లేని వరుసల్లోనూ, తీసేసిన కంపెనీ పేరు ఇంకా ఉందేమో ఒకసారి చూస్తాను. అసలు రేషన్ బియ్యం అక్కడే పోతుంది.

మా వాడి లాప్‌టాప్‌లో ఆ క్లీనర్‌ను కూడా నా ముందే అన్‌ఇన్‌స్టాల్ చేయించి పంపాను. ఆటోరన్స్ చూపించే ఓపిక ఆ రోజు ఇద్దరికీ లేకపోయింది. మర్నాడు పొద్దున ఆఫీసు క్యాబ్‌లో ఉండగా వాడి దగ్గర్నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది. అదే ఎర్రక్షరాల కిటికీ, ఈసారి 1,327 సమస్యలు. టాస్క్ షెడ్యూలర్ ఎలా తెరవాలో ట్రాఫిక్ జామ్‌లకు పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ దాటేలోపు ఫోన్‌లోనే చెప్పేశాను, టైముకేం కొదవ లేదు కాబట్టి.