అందని ఆదాయానికి లెక్కలా?

ఇంటి నుంచి పైసా అందని విద్యార్థికి, ఇంటి ఆదాయం ఎక్కువగా ఉందన్న సాకుతో ఫీజు రీయింబర్స్‌మెంట్ నిరాకరించడం ఏ న్యాయం? ఏటా ప్రవేశాల వేళ ఇదే అన్యాయం పునరావృతమవుతున్నా సంక్షేమ శాఖలకు చీమకుట్టినట్లయినా లేదు.

పదో తరగతి తర్వాతి చదువులకిచ్చే కేంద్ర పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాల నిబంధనల్లో ఏళ్లుగా పాతుకుపోయిన సూత్రం ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు జీవించి ఉన్నా వారి ఆదాయమే లెక్క. ఇద్దరూ మరణిస్తేనే, చదివిస్తున్న సంరక్షకుని ఆదాయం చూస్తారు. పెళ్లయి ఉద్యోగం లేని విద్యార్థినికైతే భర్త ఆదాయాన్ని లెక్కిస్తారు. అంటే కన్నవారు బతికున్నారా అన్నదే సర్కారుకు కావాలి, చదివిస్తున్నారా అన్నది అక్కర్లేదు. తండ్రి మరో ఊళ్లో మరో కాపురం పెట్టుకున్నా, కులాంతర వివాహం చేసుకున్నాడని కొడుకును గెంటేసినా, మీసేవ కేంద్రంలో ఆదాయ ధ్రువపత్రానికి ఆ తండ్రి వివరాలే అడుగుతారు. ఆడపిల్ల పరిస్థితి మరీ దారుణం: తండ్రి లెక్కలోంచి భర్త లెక్కలోకి మారడమే తప్ప, తనకంటూ ఒక లెక్క లేనే లేదు.

తెలంగాణలో బీసీ విద్యార్థులకు ఆదాయ పరిమితి గ్రామాల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ప్రభుత్వం తెచ్చిన విద్యాదీవెన ఫీజు పథకం రూ.2.5 లక్షల పరిమితితో ఆగక, కుటుంబంలో ఎవరైనా ఆదాయపు పన్ను కట్టినా, సొంత కారున్నా అనర్హత వేటు వేసింది. ఆ కారులో విద్యార్థి ఏనాడైనా కాలుపెట్టాడా అని అడిగిన నాథుడు లేడు.

పద్దెనిమిదేళ్లు నిండితే ఓటేయమంటారు, నేరం చేస్తే పెద్దవాడిగానే శిక్షిస్తారు. ఫీజు దగ్గరకొచ్చేసరికి మాత్రం అదే యువకుడు తండ్రి చాటు బిడ్డ అయిపోతాడు. సాయం చేయాల్సిన చోట మాత్రమే ఎదగనివ్వని ఈ ద్వంద్వనీతి ప్రభుత్వాలకు తగదు.

నిబంధన సడలిస్తే సంపన్నులు కాగితాల మీద వేరు కాపురాలు చూపిస్తారన్నది అధికారుల వాదన. ఆ భయంలో కొంత నిజముంది. దానికి విరుగుడు విచారణే కానీ తిరస్కరణ కాదు. తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన అమెరికాలోనూ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) విద్యా సాయానికి తల్లిదండ్రుల ఆదాయమే ప్రధానం, వారు ఖర్చు పెట్టబోమన్నంత మాత్రాన మినహాయింపు రాదు. అయినా 24 ఏళ్లు నిండినవారిని, వివాహితులను, తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయినవారిని అక్కడ స్వతంత్రులుగానే పరిగణిస్తారు. ఇంట్లో హింస భరించలేక బయటికొచ్చిన విద్యార్థి, కన్నవారు వదిలేసిన విద్యార్థి ఆ మాట దరఖాస్తులోనే చెప్పుకోవచ్చు. 2024-25 నుంచి అలాంటివారిని తాత్కాలికంగా స్వతంత్రులుగా గుర్తించి, ఆధారాలు చూశాక కళాశాల అధికారి తుది నిర్ణయం తీసుకుంటున్నారు. దొంగ దరఖాస్తుల భయం వారికీ ఉంది. కానీ ఆ భయంతో నిజమైన బాధితుల ముందు తలుపు మూయలేదు.

మన దగ్గర ఆ విచారణకు కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. పోలీసు కేసులు, మనోవర్తి ఉత్తర్వులు, బాలల సంక్షేమ కమిటీ రికార్డులు, చదువు చెప్పిన ప్రిన్సిపాల్ వాంగ్మూలం చాలు. దరఖాస్తులో ‘తల్లిదండ్రుల పోషణలో లేను’ అన్న ఒక్క గడి చేర్చి, తహసీల్దారుకు నెల రోజుల గడువు విధిస్తే సరిపోతుంది. సంక్షేమ శాఖల మంత్రులు, కార్యదర్శులు ఈ మాత్రం ఉత్తర్వు ఇవ్వడానికి ఇంకా ఎంతమంది పిల్లలు సీటు వదులుకుని ఇంటిదారి పట్టాలి? వారిలో కొందరికి పట్టడానికి ఇల్లే లేదన్న సంగతైనా ఏలినవారికి తెలుసా?