మంచం పక్కన ఛార్జరు

హనుమకొండలోని ఒక వృద్ధాశ్రమంలో, రాత్రిపూట గదుల్లో విద్యుత్ చక్రాల కుర్చీలను ఛార్జింగుకు పెట్టరాదని, అన్నింటినీ వంటగది వెనుక షెడ్డులో ఉంచాలని నోటీసు అంటించారనుకుందాం. దానిపై నిర్వాహకురాలికీ, కాజీపేటలో రైలు ఇంజన్లు బాగుచేసే ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో బ్యాటరీల పని చేసి విరమణ పొందిన ఒక నివాసికీ మధ్య ఊహించి రాసిన వాదం ఇది.

నివాసి: బిడ్డా, రాత్రి తొమ్మిదింటికి నా కుర్చీని షెడ్డుకు తీసుకుపోతే, తెల్లవారుజామున మూత్రానికి లేవాలన్నా నేను గంట కొట్టి ఆయా కోసం ఎదురుచూడాలి. ఆ కుర్చీ నా కాళ్లు. కాళ్లను ఎవరైనా షెడ్డులో పెట్టి తాళం వేస్తారా?

నిర్వాహకురాలు: మీ ఇబ్బంది నాకు తెలుసు సార్. కానీ ఛార్జింగు ఎనిమిది, పది గంటలు సాగుతుంది. ఆ సమయమంతా మీరు నిద్రలో ఉంటారు, నా దగ్గర ఇద్దరే ఆయాలు ఉంటారు. మన ఇరవై రెండు మందిలో తమంతట తాము మెట్లు దిగగలిగినవారు ఆరుగురే.

నివాసి: అసలు మంట ఎందుకు లేవాలి? నా కుర్చీలో ఉన్నవి 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు. ఇంజన్లలోని 110 వోల్టుల బ్యాటరీలతో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి, వీటికి భయపడను. ఛార్జరు లాగేది 200 వాట్ల లోపే, ఇస్త్రీపెట్టె అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది.

నిర్వాహకురాలు: ఆ పనిచోట కిటికీలు మూసి ఛార్జింగు పెట్టేవారా?

నివాసి: లేదు. ఛార్జింగులో బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువు గాలిలో 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అయితే సీల్డ్ బ్యాటరీల నుంచి అది బయటికి వచ్చేది చాలా తక్కువ.

నిర్వాహకురాలు: సరైన ఛార్జరు ఉన్నప్పుడు తక్కువే. మీది పాడైతే మనవడు బజారులో దొరికినది తెచ్చాడు. నిండిన తర్వాత కూడా ఆగకుండా ఎక్కిస్తే బ్యాటరీ వేడెక్కుతుంది, వాయువు పెరుగుతుంది. చలికాలంలో మీరు కిటికీలన్నీ మూసుకునే పడుకుంటారు. ఇక మీ ఎదురు గదిలో ఉన్నది లిథియం బ్యాటరీ కుర్చీ. ఆ బ్యాటరీలో పక్కపక్కనే పేర్చిన సెల్స్‌లో ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్ అంటుకుంటుంది, ఆరిందనుకున్న మంట మళ్లీ లేస్తుంది, చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి. ఆ గదిలోనే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడుస్తోంది. ఆక్సిజన్ పట్టిన దుప్పటి ఎంత వేగంగా కాలుతుందో మీకు నేను చెప్పాలా? 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచినప్పుడు, పొగ మెట్ల దారిన పైనున్న లాడ్జికి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లు నడవగలిగినవాళ్లు సార్.

నివాసి: ఆ లిథియం కుర్చీని గదిలోంచి తీయాలన్న మాట ఒప్పుకుంటున్నాను. కానీ నీ షెడ్డుకు రేకుల పైకప్పు. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీని ఛార్జింగుకు పెట్టరాదు. మే నెలలో ఆ రేకుల కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైగా అక్కడే గ్యాస్ సిలిండర్లు పేర్చారు.

(ఆమె వెంటనే బదులివ్వలేదు. నా దృష్టిలో ఆ నోటీసు నిలవలేకపోయింది ఇక్కడే.)

నిర్వాహకురాలు: షెడ్డు వద్దు. వరండా చివర, మెట్లకు దూరంగా, సిమెంటు గోడ దగ్గర పెట్టిద్దాం. పగలే, ఆయాలు తిరుగుతున్నప్పుడే. ఒక్కో కుర్చీకి ఒక్కో గోడ సాకెట్, ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఉండవు.

నివాసి: మధ్యాహ్నం మూడు గంటల పాటు ఛార్జింగు ఎక్కిస్తే భవనంలో తిరగడానికి సరిపోతుంది. కానీ లెడ్ యాసిడ్‌ను ఎప్పుడూ సగంలో ఆపితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ చచ్చిపోతుంది. వారానికి ఒకసారైనా పూర్తిగా నింపాలి.

నిర్వాహకురాలు: అయితే ఆదివారం ఉదయం నుంచి సాయంత్రం వరకు పెడదాం.

నివాసి: ఆదివారం మనవడితో భద్రకాళి చెరువు కట్టకు పోతాను. బుధవారం పెట్టు. ఆ రోజు నాకు చేత్తో తోసే పాత కుర్చీ కావాలి, దాని బ్రేకులు పట్టడం లేదు.

నిర్వాహకురాలు: బ్రేకులు రేపే బాగు చేయిస్తాను సార్. ఆ బజారు ఛార్జరును మాత్రం ఇప్పుడే నా చేతికి ఇవ్వండి.