ఏ రాయైతేనేం, పళ్లూడేది పౌరుడికే!

1998 సెప్టెంబరులో ఒక రాత్రి హ్యూస్టన్‌లోని ఓ అపార్ట్‌మెంట్‌లోకి పోలీసులు జొరబడ్డారు. ఎవడో తుపాకీ పట్టుకుని వీరంగం వేస్తున్నాడని ఫోన్ వచ్చిందట. తుపాకీ లేదు, గొడవా లేదు, ఫోన్ చేసినవాడు అబద్ధమాడాడు. లోపల ఇద్దరు మగవాళ్లున్నారు. వాళ్ల మధ్య ఉన్న సంబంధం టెక్సస్ చట్టం ప్రకారం నేరం కాబట్టి ఇద్దర్నీ పట్టుకెళ్లి ఆ రాత్రికి లాకప్‌లో పడేశారు. చివరికి తలా 200 డాలర్ల జరిమానా. ఇంతకీ ఆ వచ్చినవాళ్లు వాషింగ్టన్ పంపిన ఎఫ్‌బీఐ మనుషులేం కారు. అక్కడి జనమే ఓట్లేసి గెలిపించుకున్న కౌంటీ షెరీఫ్ దగ్గర పనిచేసేవాళ్లు.

2003లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో ఆ చట్టాన్ని కొట్టేసింది. లారెన్స్ వర్సెస్ టెక్సస్ అంటే ఈ కేసే. వ్యక్తి స్వేచ్ఛ అనగానే అమెరికన్లకు చప్పున గుర్తొచ్చే నాయకుడు రాన్ పాల్. ఆయనా టెక్సస్ వాడే. ఈ తీర్పుకు ఎగిరి గంతేసి ఉండాలి. కానీ ఆయన కోర్టునే తప్పుపట్టారు. ఇలాంటి చట్టాలు నవ్వులాటగా ఉంటే ఉండొచ్చు గానీ, సామాజిక విషయాల్లో తన పద్ధతులు తాను పెట్టుకునే హక్కు టెక్సస్‌కు ఉందనీ, దాన్ని కాదనే అధికారం ఫెడరల్ (కేంద్ర) కోర్టుకు లేదనీ రాశారు. నాకు పేచీ అక్కడే.

రాన్ పాల్‌ను అల్లాటప్పా మనిషని తీసిపారేయలేం. వేలాది కాన్పులు చేసిన డాక్టరు. ప్రతినిధుల సభలో ఉన్నన్నాళ్లూ అన్నిటికీ అడ్డంగా ఓటేసేవారు కాబట్టి ‘డాక్టర్ నో’ అని పేరు పడింది. 2001లో దేశమంతా భయంతో ఊగిపోతున్నప్పుడు ప్రభుత్వానికి నిఘా అధికారాలు పెంచిన పేట్రియాట్ చట్టాన్ని వ్యతిరేకించిన ముగ్గురు రిపబ్లికన్ సభ్యుల్లో ఆయనొకరు. మరుసటి ఏడాది ఇరాక్ యుద్ధ తీర్మానానికీ అలాగే అడ్డు నిలిచారు. ధైర్యానికి లోటు లేదు. లోటంతా లెక్కలో ఉంది. రాష్ట్రానికి ఎంత అధికారం పెరిగితే మనిషికి అంత స్వేచ్ఛ పెరుగుతుందన్నది ఆయన లెక్క.

ఆ లెక్క ఒకప్పుడు చెల్లింది. 1791 నాటి హక్కుల పత్రం కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, వేసిన కళ్లెం. రాష్ట్రాలకు అది వర్తించదని 1833లో సుప్రీంకోర్టే తేల్చింది. అంటే మీ నోరు నొక్కే పని వాషింగ్టన్ చేస్తే తప్పు, మీ రాష్ట్రం చేస్తే మీ ఖర్మ! ఆ ఏర్పాటు నీడలోనే దక్షిణాదిలో బానిసత్వం దర్జాగా బతికింది. లక్షల ప్రాణాలు తీసిన అంతర్యుద్ధం తర్వాత, 1868లో, పద్నాలుగో సవరణ వచ్చింది. ఏ రాష్ట్రమూ పౌరుడి హక్కులకు కోత పెట్టరాదని రాజ్యాంగంలోకెక్కింది. కేంద్రానికి ఇవ్వని అధికారాలన్నీ రాష్ట్రాలవీ, జనానివీ అనే పదో సవరణను రాన్ పాల్ పదేపదే వల్లిస్తారు. పద్నాలుగో దాని దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది.

కాగితం మీది సవరణ ఊళ్లోకి దిగడానికి ఇంకో వందేళ్లు పట్టిందనుకోండి. 1958 జులైలో వర్జీనియాలో ఒక పల్లె. రాత్రి రెండింటికి షెరీఫ్ టార్చిలైటు వేసుకుని పడకగదిలోకొచ్చాడు. మంచం మీద ఉన్నది పెళ్లై రెండు నెలలైనా కాని జంట, అతను తెల్లవాడు, ఆమె నల్లజాతి స్త్రీ. గోడకు వేలాడుతున్న పెళ్లి సర్టిఫికెట్ చూపించారు. వాషింగ్టన్‌లో చేసుకున్న పెళ్లి ఇక్కడ చెల్లదన్నాడు షెరీఫ్. పాతికేళ్లు కలిసి రాష్ట్రంలో అడుగుపెట్టకపోతే ఏడాది జైలు తప్పిస్తామన్నాడు జడ్జి. ఆ జంట సొంతూరికి ధైర్యంగా తిరిగి రాగలిగింది ఇలాంటి పెళ్లిళ్లపై నిషేధం చెల్లదని 1967లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే. రాష్ట్రాల హక్కులంటే ఆ ఊళ్లో, ఆ రాత్రి, ఆ టార్చిలైటు.

హోటళ్ల లాంటి చోట్ల జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా 2004లో ప్రతినిధుల సభ అభినందన తీర్మానం పెట్టింది. అనుకూలం 414, వ్యతిరేకం 1. ఆ ఒక్కటీ ఎవరిదో చెప్పాలా? ఆస్తి హక్కు మీద దాడి అన్నది ఆయన కారణం. హోటలు యజమాని స్వేచ్ఛ కనబడింది, గుమ్మం బయట నిలబెట్టేసిన మనిషిది కనబడలేదు.

ఎదుటి వాదంలో బలం లేదనను. 2002లో కాలిఫోర్నియాలో ఒక రోగి డాక్టరు సలహాతో ఆరు గంజాయి మొక్కలు పెంచుకుంది. రాష్ట్ర చట్టం ప్రకారం అది సబబేనని కౌంటీ అధికారులే చెప్పారు. ఫెడరల్ ఏజెంట్లు వాళ్లతో మూడు గంటలు వాదులాడి ఆరు మొక్కలూ నాశనం చేసి పోయారు. 2005లో సుప్రీంకోర్టు ఫెడరల్ ప్రభుత్వాన్నే సమర్థించింది. ఇక్కడ రాన్ పాల్ వైపే న్యాయముంది, ఒప్పుకుంటాను. కానీ ఆ రోగిని కాపాడాల్సింది ఆమె రోగి కాబట్టి. కాలిఫోర్నియాలో ఉంది కాబట్టి కాదు. అదే టెక్సస్‌లో ఉంటే ఆమె నొప్పి తగ్గుతుందా?

అసలు ‘అధికారం జనానికి దగ్గరగా ఉండాలి’ అనే పెద్దమనుషుల నిజాయతీకి ఒక పరీక్ష ఉంది. రాష్ట్ర రాజధాని నుంచి ఊరికి దిగమనండి, చూద్దాం. డాలస్‌కు ఉత్తరాన డెంటన్ అనే ఊరుంది. ఇళ్ల పక్కనే గ్యాస్ బావులు. చప్పుడు, దుమ్ము, లారీలు. విసిగిపోయిన జనం 2014 నవంబరులో, అదీ టెక్సస్‌లో, భూగర్భంలో రాళ్లు చీల్చి గ్యాస్ తీసే ఫ్రాకింగ్ వద్దని ఓటేసి గెలిచారు. ఇంతకంటే దగ్గరి అధికారం ఏముంటుంది? ఆరు నెలలు తిరిగేసరికి రాష్ట్ర శాసనసభ, ఊళ్లకు అలాంటి నిషేధాలు పెట్టే హక్కే లేదని చట్టం చేసింది. సంతకం పెట్టింది గవర్నర్ గ్రెగ్ అబాట్. రాష్ట్రం తరఫున కేసులు నడిపే అటార్నీ జనరల్‌గా ఉన్న రోజుల్లో, పొద్దున ఆఫీసుకెళ్లి ఫెడరల్ ప్రభుత్వం మీద కేసు వేసి ఇంటికొచ్చేయడమే తన పని అని గొప్పగా చెప్పుకున్న మనిషి ఈయనే.

2023లో ఇంకో చట్టం తెచ్చారు. ఎండలో పనిచేసే కట్టడపు కూలీలకు నాలుగు గంటలకోసారి పది నిమిషాల విరామం ఇవ్వాలని ఆస్టిన్, డాలస్ నగరాలు పెట్టుకున్న నిబంధనలు దాని గురిలోకొచ్చాయి. అమ్మా పెట్టదు, అడుక్కూ తిననివ్వదు. రాష్ట్రం తానుగా ఆ పది నిమిషాలు ఇవ్వలేదు, ఇచ్చిన నగరాల చేతులూ కట్టేయబోయింది.

డెంటన్ సంగతా? 2015 జూన్‌లో ఆ ఊరి కౌన్సిల్ సమావేశమై, తమ జనం ఓటేసి తెచ్చుకున్న నిషేధాన్ని తన చేత్తో తనే రద్దు చేసుకుంది. అప్పటికే అక్కడ డ్రిల్లింగ్ మనుషులు పని మొదలెట్టేశారు.