ఆరు అంగుళాల పరువు

విశాఖపట్నంలో ఏ వీధిలోకి వెళ్ళినా ఒక రిటైరైన ఫిట్టరో, వెల్డరో, మెషినిస్టో తగలక మానడు. ఓడలు, ఉక్కు, ఆయిల్ రిఫైనరీ. ఈ ఊళ్ళో ఉద్యోగమంటే చేతిలోకి చిన్న వస్తువంటూ రాదు. అలా ముప్పై ఏళ్ళు టన్నుల్లో బతికిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి కొత్తిమీర కట్ట తెమ్మంటే, దాన్ని కూడా క్రేనుతో దించాలనిపిస్తుంది. మా మావయ్య ఆ బాపతు.

ఇల్లు మల్కాపురంలో. సింధియా జంక్షన్ ఎంతో దూరం ఉండదు. 1941లో ఇక్కడ ఓడలు కట్టే యార్డు మొదలుపెట్టిన సింధియా కంపెనీ పేరే ఆ జంక్షన్‌కి మిగిలిపోయిందనీ, 1948లో ‘జల ఉష’ ఓడ నీళ్ళలోకి దిగింది ఇక్కడేననీ ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్తాడు. ఆ ఓడ దిగేనాటికి మావయ్య ఇంకా పుట్టనే లేదు. అయినా తాడు తనే వదిలినట్టు చెప్తాడు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బులోంచి కొంత తీసి, బల్ల మీద పెట్టుకుని, తిరిగే కట్టర్‌తో ఇనుమూ ఇత్తడీ కోసే చిన్న మిల్లింగ్ మిషన్ కొన్నాడు. అత్తయ్య ఒప్పుకోవడానికి కారణం ఒక్కటే. జంతికల గొట్టంలో కారప్పూస బిళ్ళ చిల్లులు అరిగిపోయి, కారప్పూస కాస్తా చేగోడీల లావున వస్తోంది. “కొత్త ఇత్తడి బిళ్ళ నేనే చేసిస్తాను” అని మావయ్య మాటిచ్చాడు. బజార్లో ఆ బిళ్ళ ఖరీదెంతో అత్తయ్యకి తెలుసు. మిషన్ ఖరీదెంతో మావయ్య చెప్పలేదు.

మిషన్‌తో పాటు వైస్, అంటే కోసే ముక్కని (దాన్నే జాబ్ అంటారు) రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే పనిముట్టు, రాలేదు. ఇలాంటి మిషన్లకి వైస్ చాలాసార్లు విడిగానే కొనుక్కోవాలి. జాబ్‌ని గట్టిగా పట్టుకునేది లేకపోతే మిల్లింగ్ మిషన్ ఉండీ లేనట్టే. చేత్తో పట్టుకుని కట్టర్ కింద పెట్టేవాడికి తర్వాత ఆ చెయ్యి ఉండదు.

“మూడంగుళాలది చాలేమో మావయ్యా” అన్నాను, మిషన్ చూసి. వైస్ సైజంటే దాని దవడ వెడల్పు.

“ఒరే అల్లుడూ, ఆరంగుళాలకి తక్కువైతే దాన్ని వైసనరు, బట్టల క్లిప్పంటారు.”

ఆటోనగర్ వెళ్ళాం. షాపాయన “మిషన్ ఏ సైజండీ?” అనడిగాడు. మావయ్య మిషన్ సైజు చెప్పలేదు, తన సర్వీసెంతో చెప్పాడు. అది విన్నాక ఆయన మాత్రం చిన్న వైస్ ఎలా చూపిస్తాడు? కింద గుండ్రంగా తిరిగే బేస్ ఉన్న సెకండ్‌హ్యాండ్ ఆరంగుళాల వైస్ ఒకటి బయటికి లాక్కొచ్చాడు. ముప్పై కిలోల పైమాటే.

ఇక మావయ్య పరీక్ష చూడాలి. రెండు దవడల మధ్య ఒక ఇనప ముక్క పెట్టాడు. కదిలే దవడ, కింది బెడ్డు కలిసేచోట బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుని హ్యాండిల్ బిగించాడు. బిగించేటప్పుడు దవడ కొంచెం పైకి లేస్తే ఆ వేలికి తెలుస్తుంది. దవడ లేస్తే జాబూ లేస్తుంది, కోసిన ముఖం అడుగుకి సమాంతరంగా రాదు. తర్వాత ఇనప ముక్క కింద బిల్లు కాగితం చించి పెట్టాడు. మళ్ళీ బిగించి, నైలాన్ సుత్తితో నెమ్మదిగా తట్టి కాగితం లాగాడు. రాలేదు. “సూశావా, కూర్చుంది” అన్నాడు. ఆ షాపులో ఉన్న కుర్రాళ్ళంతా పని మానేసి చుట్టూ చేరారు. వైస్ గురించి తెలియాల్సినవన్నీ మావయ్యకి తెలుసు. అడగాల్సిన ఒక్క ప్రశ్న, అది ఏ టేబుల్ మీద కూర్చుంటుందనేది, అడగలేదంతే.

ఆటోలో ముందు సీటు దగ్గర వైస్, వెనక మేము. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవర్ వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు, మేమే బరువైనట్టు.

మేడ మీది గదికి దాన్ని ఎక్కించడానికి వీధిలో సగంమంది సాయం పట్టారు. తీరా మిషన్ మీద పెట్టాక గదిలో ఎవరూ మాట్లాడలేదు. టేబుల్ వెడల్పు 9 సెంటీమీటర్లు. వైస్ బేస్ అటూ ఇటూ బయటికొచ్చి, బోల్టులు పట్టాల్సిన చెవులు గాల్లో ఉన్నాయి. టేబుల్ గాళ్ళలో తల ఇరికించి వైస్‌ని బిగించడానికి మావయ్య తెచ్చిన టీ బోల్టులు 16 మిల్లీమీటర్లవి, ఆ గాళ్ళేమో 12 వాటికి. టేబుల్‌ని వెనక్కి జరపబోతే వైస్ వీపు మిషన్ స్తంభానికి కొట్టుకుంది. ముందుకి లాగితే వైస్ హ్యాండిల్, టేబుల్ తిప్పే చక్రం ఒకదాన్నొకటి తన్నుకున్నాయి. మధ్యలో మావయ్య వేళ్ళు.

అసలు గొడవ ఎత్తుది. టేబుల్ నుంచి, పైన కట్టర్‌ని తిప్పే స్పిండిల్ దాకా ఉన్న జాగా 28 సెంటీమీటర్లు. అందులో సగం పైన వైసూ, దాని తిరిగే బేసూ తినేశాయి. మిగిలినదాంట్లో డ్రిల్ బిట్‌ని పట్టుకునే చక్ పట్టింది. డ్రిల్ బిట్‌కి చోటు లేదు. అంటే బిట్ లేకుండా చిల్లు పెట్టాలి.

“తిరిగే బేస్ తీసేస్తే?” అన్నాను. తీసేయచ్చు. చిన్న మిషన్ మీద ఆ బేస్‌తో పెద్దగా పనుండదు కూడా. ఎత్తు తినేస్తుంది, బిగువు తగ్గిస్తుంది, ఏ పదిసార్లకో ఒకసారి కోణం కావాలంటే జాబ్‌నే వంచి పెట్టుకోవచ్చు. కానీ బేస్ తీసినా వైస్ ఆరంగుళాలదే.

అత్తయ్య మెట్లెక్కి వచ్చి చూసింది. “మిషనేటండీ, కనబడట్లేదు?” అంది.

ఆ రాత్రి మావయ్య అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు పక్క వీధి లేత్ షాపాయన వచ్చి నవ్వకుండా చూశాడు. అది ఆయన సంస్కారం. “బాబూ, దవడ వెడల్పు టేబుల్ వెడల్పు దాటకూడదండి. దీనికి స్క్రూలెస్ వైస్ సరిపోద్ది” అన్నాడు.

“స్క్రూ లేని వైసా! ఇంకేటి, చక్రం లేని బండి కూడా ఉందా మీ దగ్గర?”

ఉంది మరి. దానికి ముందుకి పొడుచుకొచ్చే హ్యాండిలుండదు. అడుగున గాట్లలో ఒక పిన్ను పడుతుంది, ఏటవాలుగా ఉన్న బోల్టుని ఎలన్ కీతో బిగిస్తే దవడ ముందుకీ కిందకీ ఒకేసారి లాగబడుతుంది. అందుకే పైకి లేవదు. సైజు మార్చినప్పుడల్లా పిన్ను గాటు మార్చుకోవడం విసుగే. రోజుకి వంద జాబులు చేసేవాడు దాన్ని తిట్టుకుంటాడు. కారప్పూస బిళ్ళ చేసేవాడికి ఏం తొందర?

మళ్ళీ ఆటోనగర్. ఈసారి మూడంగుళాల లోపు స్క్రూలెస్ వైస్ అరటిపళ్ళ సంచిలో పట్టింది. “పాతదానికి తోడాండీ?” అన్నాడు షాపాయన. “తోడే” అన్నాడు మావయ్య, చూపు తిప్పుకుని. పాతది వెనక్కి తీసుకుంటారేమోనని నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కాడు.

పెద్ద వైస్‌ని మేడ మీద షెడ్డులోకి దొర్లించారు. సముద్రపు గాలికి నూనె రాయని ఇనుము తెల్లారేసరికి కుంకుమ పెట్టుకుంటుంది కాబట్టి, దానికి ఒళ్ళంతా గ్రీజు పూసి గోనె కప్పాడు.

చిన్న వైస్ మీద మావయ్య మనసు పెట్టి పనిచేశాడు. స్పిండిల్‌కి, చిన్న తేడాని కూడా ముల్లుతో చూపించే డయల్ గేజ్ కట్టి, కదలని దవడ పొడుగునా నడిపించి, ముల్లు ఒక గీత కూడా కదలనంత వరకూ తట్టి సరిచేశాడు. గుండ్రటి బిళ్ళని తిన్నటి దవడలు రెండుచోట్లే పట్టుకుంటాయని, ముందు చతురస్రపు ఇత్తడి ముక్కకే చిల్లులన్నీ పెట్టి, తర్వాత గుండ్రంగా తిప్పడానికి లేత్ షాపుకి పంపాడు. “గొట్టం లోపలి కొలత ఎంతో బిళ్ళ కూడా అంతే. వెంట్రుకవాసి తేడా రాకూడదు” అని పదేపదే చెప్పాడు.

రాలేదు. బిళ్ళ గొట్టంలోకి చక్కగా దిగింది. అడుగుదాకా దిగి అక్కడే ఉండిపోయింది. అత్తయ్య కడగడానికి తీయబోతే రాదు. వేణ్ణీళ్ళు పోసినా రాదు. కింద నుంచి కర్ర పెట్టి తన్నాలి, అంటే గొట్టాన్ని ఎవరో గట్టిగా పట్టుకోవాలి. కొత్త వైస్ మీద సుత్తి దెబ్బా? మావయ్య ప్రాణం పోయినా పడనివ్వడు.

షెడ్డులో గోనె తీశారు. దవడలకి గ్రీజు తుడిచి, గొట్టం నలగకుండా అత్తయ్య కొత్త తువ్వాలు చుట్టి, పెద్ద వైస్‌లో బిగించాడు. ముప్పై కిలోలు కదా, నేల మీద బోల్టు లేకపోయినా అంగుళం కదల్లేదు. రెండు దెబ్బలకి బిళ్ళ టంగుమని ఎగిరి పిట్టగోడకి తగిలింది.

మావయ్య నిటారుగా నిలబడ్డాడు. “ఆరంగుళాలది ఎందుకో ఇప్పుడు తెలిసిందేటి?”

“తెలిసింది. కారప్పూస వండినప్పుడల్లా దీన్ని కిందికి దించండి” అంది అత్తయ్య, తువ్వాలుకి అంటిన గ్రీజు చూస్తూ.