ఎలుక లివర్ బాగుపడింది సరే, మన సంగతేంటి?

కామెర్లు అనగానే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది నేల ఉసిరి పసరే. ఇప్పుడు అదే పొడి చేసి, క్యాప్సూల్‌లో నింపి, యాంటీఆక్సిడెంట్, లివర్ డీటాక్స్ అని రాసి అమ్ముతున్నారు, అడిగితే రీసెర్చ్ ఉందండీ అంటారు. ఉంది, అబద్ధం కాదు. కానీ ఆ రీసెర్చ్ ఎలా చేస్తారో చూస్తే కథ వేరేలా ఉంటుంది.

ముందు ఎలుకలకి కొన్నాళ్లు మొక్క రసం పడతారు, ఆ తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ ఎక్కిస్తారు. ఈ కెమికల్‌ని లివర్‌లోని ఒక ఎంజైమ్ విరగ్గొడితే ఫ్రీ రాడికల్ అనే, దేన్ని తాకితే దాన్ని పాడుచేసే అణువు ముక్క పుడుతుంది, అది కణాల పొరల్లో కొవ్వుని తినేస్తూ పోతుంది, కణం పగిలి లోపలుండే ఎస్జీపీటీ అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చేస్తుంది. రసం తాగిన ఎలుకల్లో ఎస్జీపీటీ తక్కువ పెరిగిందా, మొక్క లివర్‌ని కాపాడింది అని రాసేస్తారు. కొన్నిసార్లు ఆ రసం చేసిందల్లా కెమికల్‌ని విరగ్గొట్టే ఆ ఎంజైమ్‌ని ఆపడమే, అంటే విషం విషంగా మారనేలేదు అంతే.

మొక్క రసం రేడియేషన్ నుంచి కాపాడుతుందా అని చూసే ప్రయోగాల్లోనూ ఇంతే. గామా కిరణాలు కణంలోని నీళ్లని విడగొడితే వచ్చే హైడ్రాక్సిల్ అనే ఫ్రీ రాడికల్ కనురెప్ప కొట్టేలోపే, అసలు అంతకంటే ఎంతో ముందే పని కానిచ్చేస్తుంది. దాన్ని అక్కడికక్కడే పట్టుకోవాలంటే మందు ముందే కణంలో ఉండాలి. మనమేమో జబ్బొచ్చాక తాగుతాం కదా!

మనుషుల మీద చూడలేదా అంటే చూశారు. నేల ఉసిరిని హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి ఇచ్చి మద్రాసు డాక్టర్లు 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక స్టడీ వేశారు, మందు తీసుకున్నవాళ్లలో 59 శాతం మందిలో రక్తంలో వైరస్ ఆనవాలైన యాంటిజెన్ పోయిందని, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 4 శాతమేనని. పెద్ద సంచలనమే. తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే ఆ రిజల్ట్ రాలేదు. మరి పసరుతో కామెర్లు తగ్గాయి కదా అంటారా, హెపటైటిస్ ఏ వల్ల వచ్చినవి చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకి వస్తుంది.

అలాగని మొక్కలన్నీ ఉత్తవే అనట్లేదు. మిల్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క గింజల్లోంచి తీసిన సిలిబినిన్‌ని యూరప్‌లో విషపు పుట్టగొడుగులు తిన్నవాళ్లకి నరంలోకి ఎక్కిస్తారు, అది విషం లివర్ కణంలోకి దూరకుండా అడ్డుపడుతుంది. అక్కడ విషమేంటో తెలుసు, మందు ఎక్కడ పట్టుకుంటుందో తెలుసు, డోసు తెలుసు. డీటాక్స్ డబ్బా మీద ఈ మూడింట్లో ఒక్కటి చూపించండి చూద్దాం.

ఇంకో తిరకాసుంది. ఈ రసాలన్నిటినీ అరిగించాల్సింది కూడా ఆ లివరే. కూరలో వేసే పసుపుతో ఇబ్బంది లేదు, కానీ ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపిన పసుపు మాత్రలు వాడి లివర్ దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో రికార్డయ్యాయి. గ్రీన్ టీ సారం మాత్రలదీ అదే గొడవ. కాబట్టి కళ్లు పచ్చబడితే లివర్ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష, ఎల్ఎఫ్‌టీ చేయించుకోండి, డాక్టర్ దగ్గర ఏయే పొడులు వాడుతున్నారో దాచకండి, అది మందేం కాదులే అని చాలామంది చెప్పరు.