లింకు పెట్టి పిలిస్తే వచ్చేది ఆ పిల్లలే

తార్నాక నుంచి కంది దాకా, గచ్చిబౌలి నుంచి శామీర్‌పేట దాకా హైదరాబాద్ చుట్టూ విశ్వవిద్యాలయాలకూ పరిశోధనశాలలకూ కొదవ లేదు. బడిపిల్లల కోసం రోబోటిక్స్ శిబిరాలు, ల్యాబ్ సందర్శనలు, వారాంతపు సైన్స్ తరగతులు ఏటా జరుగుతూనే ఉన్నాయి. పోస్టర్ మీద ‘అందరూ ఆహ్వానితులే’ అని ఉంటుంది. హాల్లో మాత్రం ఎక్కువగా ఇంజినీర్ల పిల్లలు, ప్రొఫెసర్ల పిల్లలు, పెద్ద ఫీజుల బడుల పిల్లలే కూర్చుని ఉంటారు. తలాబ్‌కట్టలో ఉర్దూ మీడియం చదివే తొమ్మిదో తరగతి అమ్మాయి అక్కడ ఉండదు. పటాన్‌చెరులో ఉండే ఒడిశా కూలీ కొడుకూ ఉండడు. ఎందుకని అడిగితే నిర్వాహకులు ‘పిలిచాం, రాలేదు’ అంటారు. వాళ్లు పిలిచిన మాట నిజమే. కానీ ఆ పిల్లలను వడకట్టింది ఆసక్తి లేకపోవడం కాదు, పిలిచిన తీరు.

మామూలుగా ఇలాంటి శిబిరాలకు పెట్టే ఆన్‌లైన్ ఫామ్ ఒకటి ముందు పెట్టుకుని చూడండి. మొదటి గడి ఈ-మెయిల్ ఐడీ, తప్పనిసరి. సర్కారు బడిలో తొమ్మిది చదివే పిల్లకు సొంత ఈ-మెయిల్ ఎక్కడిది? ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ పొద్దున్నే నాన్నతోపాటు ఆటోలో మెహిదీపట్నం వెళ్లిపోతుంది. ఓటీపీ ఆ ఫోనుకు వస్తుంది, పిల్ల ఇక్కడ ఉంటుంది. తర్వాత ఆధార్, బడి గుర్తింపు కార్డు స్కాన్ చేసి పెట్టమంటారు. ఆపైన ‘ఈ శిబిరంలో ఎందుకు చేరాలనుకుంటున్నారు’ అని ఇంగ్లిష్‌లో 200 పదాల వ్యాసం. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, ‘ముందు వచ్చినవారికే సీటు’. అసలు ఎంపికంతా ఆ చివరి వాక్యంలోనే జరిగిపోతుంది. లింకు రాత్రి తొమ్మిదికి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పడుతుంది, పడుకునేలోపు సీట్లు అయిపోతాయి. అదే కబురు సర్కారు బడికి చేరాలంటే డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు నుంచి డిప్యూటీ ఈవోకు, అక్కడి నుంచి హెడ్మాస్టర్ల గ్రూపుకు రావాలి. మధ్యాహ్న భోజనం లెక్కలు, హాజరు లెక్కలు, ట్రైనింగుల ఉత్తర్వుల మధ్య ఎక్కడో అది కనిపించేసరికి రెండు రోజులు గడుస్తాయి. అప్పుడు లింకు నొక్కితే ‘రిజిస్ట్రేషన్లు ముగిశాయి’ అని వస్తుంది.

కాబట్టి ఫామ్‌ను సరళం చేస్తే చాలదు, వరుసే తిరగెయ్యాలి. ముందు సీట్లు పంచుకోవాలి, తర్వాత పిల్లల్ని వెతకాలి. నలభై సీట్ల శిబిరం అనుకుందాం. తెలుగు, ఇంగ్లిష్ మీడియం సర్కారు బడులకు పన్నెండు, ఉర్దూ మీడియం బడులకు ఎనిమిది, బస్తీల్లోని తక్కువ ఫీజు ప్రైవేటు బడులకు ఎనిమిది, గురుకులాలకు నాలుగు. మిగిలిన ఎనిమిదే లింకు మీద. ప్రతి వాటాలోనూ సగం సీట్లు అమ్మాయిలవి. ఏ బడి నుంచైనా నలుగురికి తగ్గకూడదు, అందులో ఇద్దరు అమ్మాయిలు ఉండాలి. తెలియని క్యాంపస్‌కు ఒక్కర్తినే పంపమంటే ఏ తల్లీ ఒప్పుకోదు. పక్కింటి పిల్ల కూడా వెళ్తోందంటే ఆ భయం సగం తగ్గుతుంది.

గురుకులాలకు నాలుగే ఏమిటని అడగవచ్చు. గురుకులం నుంచి తేవడం అన్నిటికంటే సులువు. సొసైటీ కార్యాలయం నుంచి ఒక అనుమతి తెచ్చుకుంటే ఒకే గేటు ముందు బస్సు నిండిపోతుంది, ఎస్సీ, ఎస్టీ, బీసీ గళ్లన్నీ నివేదికలో చక్కగా నిండుతాయి. ఆ పిల్లలు అర్హులు కారని కాదు. అయితే వాళ్లు అప్పటికే ఒక ప్రవేశ పరీక్ష దాటినవాళ్లు, ఇల్లు వదిలి చదువుకుంటున్నవాళ్లు. సాయంత్రం బడి నుంచి వచ్చి తమ్ముణ్ని చూసుకునే పిల్ల, టిఫిన్ సెంటర్లో పనికి పోయే పిల్లాడు గురుకులంలో దొరకరు. బస్తీ ప్రైవేటు బడి సంగతి మరీ అన్యాయం. హైదరాబాద్ జిల్లాలో ఎక్కువమంది పిల్లలు చదివేది ప్రైవేటు బడుల్లోనే. వాటిలో ఎన్నో రెండంతస్తుల అద్దె ఇళ్లలో, ల్యాబ్ లేకుండా నడుస్తాయి. ప్రభుత్వ పథకాల జాబితాల్లో వాటి పేర్లుండవు, విశ్వవిద్యాలయాలు వాటిని ‘ప్రైవేటు’ అని పక్కన పెడతాయి. ఆ కరస్పాండెంట్లను నేరుగా వెళ్లి కలవడమొక్కటే దారి. ఒక్క మధ్యాహ్నంలో ఒక బస్తీలో నాలుగైదు బడులు తిరిగి రావచ్చు.

బడి లోపల ఎవరిని ఎంచుకోవాలన్నది దీనికంటే చిక్కు ప్రశ్న. ‘మీ ఉత్తమ విద్యార్థులను పంపండి’ అని ఉత్తరం రాస్తే ప్రతి బడి నుంచీ ఆ ఐదుగురే వస్తారు. వక్తృత్వం, క్విజ్, ఆగస్టు 15 కవాతు, అన్నిటికీ వాళ్లే. ఈ అలవాటు పైనుంచే వచ్చింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇన్‌స్పైర్ ఇంటర్న్‌షిప్ శిబిరాలు పదో తరగతి మార్కుల్లో పై ఒక శాతంలో ఉన్నవారికోసం పెట్టినవి. కేంద్ర పరిశోధనశాలల సంస్థ సీఎస్‌ఐఆర్ 2017లో తన ల్యాబ్‌లకు బడిపిల్లలను కలిపే ‘జిజ్ఞాస’ను మొదలుపెట్టింది కేంద్రీయ విద్యాలయాలతో. అమ్మాయిల కోసం 2019లో వచ్చిన ‘విజ్ఞాన్ జ్యోతి’ నవోదయ విద్యాలయాలను కేంద్రాలు చేసుకుని నడిచింది. మంచి పథకాలే. కానీ ఎక్కడో ఒకచోట ఇప్పటికే గెలిచిన పిల్లలనే మళ్లీ పిలవడం వీటన్నిటి స్వభావం. ర్యాంకు చూడకుండా పిల్లవాడి ముఖం చూడలేని జబ్బు ఇది. కార్పొరేట్ జూనియర్ కాలేజీ హోర్డింగుల మీద పుట్టి, చివరికి ఆటలాగా ఉండాల్సిన సైన్స్ శిబిరంలోకీ పాకింది.

దీనికి మందు లాటరీ. తొమ్మిదో తరగతి హాజరు పట్టీ తీసుకుని, అమ్మాయిలకు విడిగా అబ్బాయిలకు విడిగా చీటీలు వేసి, తరగతి ముందే తీయాలి. బడికి వచ్చిన నాలుగు సీట్లలో మూడు లాటరీకి. నాలుగోది సైన్స్ టీచర్ చేతికి, ఒక షరతుతో: మార్కులు చూడకూడదు, తరగతిలో ఆగిపోయిన గడియారం విప్పేది ఎవరు, జవాబు చెప్పాక కూడా మళ్లీ ప్రశ్న వేసేది ఎవరు అన్నది చూడాలి. ప్రతి జాబితాకూ ఇద్దరు అదనం పెట్టుకోవాలి. ఎందుకు తొమ్మిదే అంటే, పదో తరగతికి స్పెషల్ క్లాసుల వల్ల బడి వదలదు, ఇంటర్‌కు వచ్చేసరికి ఎంపీసీయా సీఈసీయా అన్నది తేలిపోయి ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది తరగతులు దాటాక పిలవడం రైలు కదిలాక టికెట్ ఇవ్వడమే.

లాటరీ వేస్తే ఆసక్తి లేనివాళ్లు వచ్చి ఆసక్తి ఉన్నవాళ్ల సీటు పోతుందన్నది ఎదుటివారి వాదన. ప్రతిభకు అన్యాయమనీ అంటారు. ఇది ప్రవేశ పరీక్ష అయితే ఆ మాట వినాల్సిందే. మూడు రోజుల శిబిరం డిగ్రీ ఇవ్వదు, ఉద్యోగం ఇవ్వదు. ఆసక్తి పుట్టించడానికే పెట్టిన శిబిరానికి ఆసక్తినే అర్హతగా అడగడం ఏం తర్కం? ప్రవేశాల్లో కూడా మన రాష్ట్రం, మన దేశం మార్కులే చూడాలన్న ఈ గీత ఎప్పుడో దాటాయి. బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో సాధారణ ప్రభుత్వ బడుల పిల్లల జీపీఏకు 0.4 కలిపేవారు. ఐఐటీలు 2018లో అమ్మాయిలకు 14 శాతం సీట్లు దక్కేలా అదనపు సీట్లు సృష్టించి, 2020 నాటికి దాన్ని 20 శాతానికి తీసుకెళ్లాయి. అమ్మాయిలకు ఆసక్తి పెరిగేదాకా ఆగలేదు.

జాబితా తయారయ్యాక అసలు పని మొదలవుతుంది. చాలా శిబిరాలు ఓడిపోయేది ఇక్కడే. డీఈవో ఉత్తర్వు లేకుండా హెడ్మాస్టర్ పనిదినాన పిల్లల్ని గేటు దాటించలేరు, కాబట్టి కనీసం నాలుగు వారాల ముందే దరఖాస్తు ఇవ్వాలి. ఆ ఉత్తర్వులోనే వెంట వచ్చే టీచర్‌కు ఓడీ (డ్యూటీ మీద వెళ్లినట్టు లెక్క) ఉన్నట్టు రాయించాలి. అది లేకపోతే ఆ టీచరమ్మ తన క్యాజువల్ లీవు పెట్టి రావాలి. ఒకసారి వస్తారు, రెండోసారి రారు. అమ్మాయిలు ఉన్న ప్రతి బస్సులో మహిళా టీచర్ తప్పనిసరి. తల్లిదండ్రుల సంతకం కాగితం మీదే తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అంగీకారం అడుగుతుంది. మూడు రోజుల శిబిరానికి ఆధార్ నంబరుతో పనే లేదు, అడగడం మానేస్తే సరి.

ప్రయాణ ఖర్చు తర్వాత తిరిగిస్తామనే శిబిరాలు ఆ మాటతోనే సగంమందిని వదులుకుంటున్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే. కానీ అది తెలంగాణ వాసులకే. వేరే రాష్ట్రం ఆధార్ ఉన్న వలస కూలీ కూతురు టికెట్ కొనాల్సిందే. అబ్బాయిల చేతిలో ఉండే రూట్ పాసు ఇంటి నుంచి బడిదాకానే. పాతబస్తీకి మెట్రో ఇంకా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గరే ఆగింది. చాంద్రాయణగుట్ట నుంచి ఐఐటీ ఉన్న కందికి బస్సులు మారుకుంటూ వెళ్తే ఒకవైపే రెండు గంటలకు తక్కువ పట్టదు. అందుకని బస్సు మాట్లాడటం బడ్జెట్‌లో మొదటి పద్దుగా ఉండాలి. టీషర్టులు, మెమెంటోలు, ఫ్లెక్సీలు ఆ తర్వాత. బస్సు బడి గేటు ముందు నుంచే బయల్దేరాలి, సాయంత్రం ఐదున్నరకల్లా అక్కడే దింపాలి. కాలేజీ బస్సులు శనివారాలు ఖాళీగా నిలబడే ఉంటాయి.

తేదీ కూడా ఒక జల్లెడే. జాతీయ సైన్స్ దినోత్సవం ఫిబ్రవరి 28, ఏడాది మొత్తంలో సర్కారు బడికి అత్యంత ఇరుకైన రోజుల్లో ఒకటి. సైన్స్ టీచర్లు పదో తరగతితో తలమునకలుగా ఉంటారు. వేసవి శిబిరాలు ఇంకో తప్పు. ఏప్రిల్ చివర బడి మూయగానే నారాయణపేట, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు. నగరంలో మిగిలేది సమ్మర్ క్యాంపు వెతుక్కునే ఇళ్ల పిల్లలే. రంజాన్ నెలలో ఉర్దూ బడుల వేళలు మారతాయి, శుక్రవారం మధ్యాహ్నం ఎలాగూ కుదరదు. జూలై మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా, మళ్లీ నవంబర్‌లో, రెండో శనివారం వదిలి మిగతా శనివారాలు చూసుకుంటే అందరికీ కుదురుతుంది. బోనాల వారం ఏ బస్తీలో ఎప్పుడన్నది మాత్రం ముందే కనుక్కోవాలి.

పిల్లలు వచ్చాక జరిగేదీ రిక్రూట్‌మెంట్‌లో భాగమే, ఎందుకంటే రెండో రోజు వస్తారా రారా అన్నది మొదటి గంటలో తేలుతుంది. నలుగురికి ఒక కిట్ ఇస్తే ల్యాప్‌టాప్ అలవాటున్న పిల్లవాడు దాన్ని తన ముందుకు లాక్కుంటాడు, ఇంకొకడు వైర్లు పెడతాడు, అమ్మాయి రికార్డు రాస్తుంది, నాలుగో పిల్ల చూస్తుంది. ఇద్దరికి ఒక కిట్, పావుగంటకోసారి చేతులు మారాలి. అందులో వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డు ఒకటి, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, కరెంటును అదుపు చేసే 330 ఓమ్‌ల రెసిస్టర్లు కొన్ని ఉంటే చాలు, ఎల్‌ఈడీలు మాత్రం అర డజను ఉండాలి. ఐదు వోల్టులకు 330 ఓమ్‌లు పెడితే ఎర్ర ఎల్‌ఈడీలో తొమ్మిది మిల్లీ ఆంపియర్ల దాకా పారుతుంది, హాయిగా వెలుగుతుంది. రెసిస్టర్ మరిచి పెడితే మాడుతుంది. ఇంట్లో ‘ముట్టుకోకు, పాడవుతుంది’ అని విని పెరిగిన పిల్ల మొదటి ఎల్‌ఈడీ మాడగానే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది, ఇక ముట్టుకోదు. మాడటానికే అన్ని ఇచ్చామని, ఒక్కోటి రెండు మూడు రూపాయలేనని మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పాలి. మలక్‌పేట బధిరుల బడి నుంచి పిల్లల్ని పిలిస్తే సంజ్ఞా భాష అనువాదకులు ఇద్దరుండాలి. అరగంటకు మించి ఒక్కరే చెప్తే చేతులూ మెదడూ అలసిపోతాయి, అర్థం జారిపోతుంది.

వీటన్నిటి అడుగునా ఉన్నది భాష. ఈ నగరంలో 1918లో ఉస్మానియా పుట్టిందే ఆధునిక శాస్త్రాలను దేశభాషలో చెప్పడానికి. అంతకు ఏడాది ముందే అనువాద విభాగం పెట్టి సైన్స్, ఇంజినీరింగ్, వైద్య గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. జనంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు అందులో చోటు లేకపోవడం పెద్ద లోపం. అయినా ఇంజినీరింగ్ ఇంగ్లిష్‌లో తప్ప రాదన్న మూఢనమ్మకాన్ని దాదాపు వందేళ్ల కిందే ఈ ఊరు బద్దలుకొట్టింది. 1948 తర్వాత ఇంగ్లిష్ వచ్చింది, 1968లో తెలుగు అకాడమీ వచ్చి కళాశాల పుస్తకాలు తెలుగులో వేసింది. ఇప్పుడు సర్కారు బడుల్లో 2022-23 నుంచి ద్విభాషా పాఠ్యపుస్తకాలు, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. బడి ఇంత దూరం వస్తే విశ్వవిద్యాలయం పోస్టర్ మాత్రం పూర్తిగా ఇంగ్లిష్‌లోనే ఉంటోంది. శిబిరంలో రెసిస్టెన్స్ అనగానే పక్కనే ‘నిరోధం’ అని, ఉర్దూ పిల్లలకు ‘ముజాహమత్’ అని బోర్డు మీద రాయడానికి అర నిమిషం పట్టదు. ఆ మాట చూడగానే, ఇది మా పుస్తకంలో ఉన్నదే కదా అని పిల్లలు తలెత్తుతారు. చెప్పేందుకు మనుషులు లేరనడానికి వీల్లేదు. ఇదే క్యాంపస్‌లలో వరంగల్ నుంచి, యాకుత్‌పురా నుంచి, తండాల నుంచి వచ్చి బీటెక్, ఎమ్మెస్సీ చదివేవాళ్లున్నారు. వాలంటీర్లను ఎంచేటప్పుడు సీజీపీఏ గడి తీసేసి, ఏ భాషలు వచ్చు, ఏ బడిలో చదివారు అని అడగాలి.

జూలై శిబిరానికి నోటీసు జూన్ 12న బడులు తెరిచిన వారంలోనే చేతికి అందాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లలో ఒక్క కాగితం చాలు. బస్సు ఏ గేటు ముందు ఎన్నింటికి ఆగుతుంది, ఎన్నింటికి తిరిగి దింపుతుంది, మధ్యాహ్నం భోజనం ఏమిటి, వెంట వచ్చే టీచరమ్మ ఎవరు, ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. తల్లులు అడిగేవి ఇవే, రోబోటిక్స్ గురించి రెండు వాక్యాలు చాలు. సంతకానికి చోటు వదిలి, కింద ఒక ఫోన్ నంబర్ వెయ్యాలి. పని నుంచి అమ్మానాన్నలు ఇంటికి చేరేది ఏడు దాటాకే కాబట్టి, ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి, ఆ మనిషికి తెలుగూ ఉర్దూ రెండూ వచ్చి ఉండాలి.