నుయ్యిలోకి అగ్గిపుల్ల గీసే ముందు ఇది చదవండి

మూడు రోజుల్లో పదకొండుసార్లు వచ్చింది నాకీ మెసేజి. ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చివరికి మా పిన్ని రోజూ పెట్టే శుభోదయం పూలబొమ్మ కింద కూడా. "మీ ఇంటి దగ్గర పెట్రోల్ బంకు ఉందా? భూమిలో ట్యాంకు కారి మీ బోరు విషమైపోయి ఉండొచ్చు, ఇలా తెలుసుకోండి, పదిమందికి పంపి పుణ్యం కట్టుకోండి" అని మొదలవుతుంది. తర్వాత ఎనిమిది పాయింట్లు.

పోన్లే అని వదిలేసేవాణ్ణే. నిన్న మా బావ ఫోన్ చేశాడు. వాళ్ళది శ్రీకాకుళం దాటాక హైవే పక్క ఊరు, ఇంటికి వంద గజాల్లో బంకు. "ఒరే, నుయ్యిలోకి అగ్గిపుల్ల గీసి పడేసినాను, ఏటీ అంటుకోలేదు, మన నీళ్ళు మంచివేరా" అన్నాడు సంబరంగా. నేను నాలుగేళ్ళు డ్రిల్లింగ్ రిగ్గు వెనకాల తిరిగి మట్టి, నీళ్ళ శాంపిళ్ళు తీసినవాణ్ణి. ఆ మాటకి నాకు కాళ్ళు వణికాయి.

కాబట్టి ముందు ఆ అగ్గిపుల్ల సంగతే. మెసేజిలో ఇది నాలుగో పాయింటు: బకెట్లో గానీ నూతిలో గానీ నిప్పు చూపించండి, అంటుకోకపోతే నిశ్చింతగా తాగండి. రాసిన మహానుభావుడికి ఓ దండం. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నూతిలోనూ సంపులోనూ అడుగున పేరుకుంటుంది. గాలిలో ఒకటిన్నర శాతం ఉంటే చాలు భగ్గుమనడానికి. అంటే పరీక్ష నిజంగా పనిచేసిన రోజున ఫలితం చెప్పడానికి మనిషి మిగలడు. పోనీ అంటుకోలేదు, అయితే మంచివా? పెట్రోల్లో ఉండే విషపదార్థం బెంజీన్, అది తాగే నీళ్ళలో లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అదే సంస్థ లెక్కలో నీళ్ళలో బెంజీన్ వాసన ముక్కుకి అందాలంటే లీటరుకి 10 మిల్లీగ్రాములుండాలి. వెయ్యి రెట్లు! ముక్కుకే అందనిది అగ్గిపుల్లకి ఎలా అందుతుంది బావా? పెట్రోలు వాసన వస్తే తాగడం ఆపెయ్యండి, అంతవరకు సరే, బెంజీన్ కంటే ముందే వాసన తెలిసే సరుకు కూడా పెట్రోల్లో ఉంటుంది. వాసన రాకపోతే మాత్రం ఏమీ తేలనట్టే.

రెండో పాయింటు, నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కనిపిస్తే పెట్రోలే. మనవైపు బకెట్లకి ఎర్రమరక పట్టే ఊళ్ళు ఎన్ని లేవు? ఇనుము ఉన్న నీళ్ళలో పెరిగే బ్యాక్టీరియా కూడా అచ్చం అలాంటి తెట్టే కడుతుంది. ఓ పుల్ల తీసుకుని కెలకండి (గీసేది కాదు, చీపురుపుల్ల). తెట్టు పగిలిన అద్దంలా ముక్కలై అలాగే ఉండిపోతే అది బ్యాక్టీరియా, కెలికిన చోట మళ్ళీ కలిసిపోతే నూనె. ఇది మొదటి అంచనాకి మాత్రమే, అయినా మెసేజి కంటే నయం.

ఆరో పాయింటు, బంకులో సెల్‌ఫోన్ మాట్లాడితే భూమిలో ట్యాంకు కారుతుందట. తర్వాతది.

"పెట్రోలు నీటి మీద తేలుతుంది, అందుకే లోతు బోరుకి భయం లేదు." చదువుకున్నవాళ్ళు కూడా తలూపేది దీనికే. తేలుతుంది, నిజమే. టీపొడి కూడా గ్లాసులో పైనే తేలుతుంది, మరి రంగు అడుగు దాకా ఎందుకు దిగింది? పెట్రోల్లో ఉన్న బెంజీన్, టోలుయిన్ లాంటివి నీళ్ళలో కొంత కరుగుతాయి, కరిగినవి నీళ్ళు ఎటు పోతే అటు పోతాయి. పైగా నీటిమట్టం ఒక్కచోట ఉండదు కదా. ఎండాకాలం దిగినప్పుడు పెట్రోలూ దాంతో దిగి మట్టికి పూసుకుంటుంది, వానలకి నీరు పైకొచ్చి ఆ పూత మీద నిలబడి మళ్ళీ కడుగుతుంది. అంటే కారడం ఆగిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి ప్రతి వానాకాలం కొత్త డోసు. ఇక మీరు బోరుకి రెండు హెచ్‌పీ మోటారు పెట్టి పొద్దస్తమానం లాగుతుంటే చుట్టుపక్కల నీరు మీ బోరు వైపే మళ్ళుతుంది. కింద రాతిలో పగుళ్ళుంటే లోతు ఏం కాపాడుతుంది?

చిట్కాల పాయింట్లో తులసి, పటిక, మరిగించడం, బొగ్గు కలిపి ఇచ్చారు. తులసిని దేవుడి దగ్గర పెట్టండి. మరిగిస్తే బెంజీన్ నీళ్ళలోంచి పోతుంది, ఎక్కడికి పోతుందో మాత్రం రాయలేదు: వంటింటి గాలిలోకి, స్టవ్ దగ్గర నిలబడ్డ మనిషి ముక్కులోకి. బొగ్గు దగ్గర మాత్రం ఆశ్చర్యంగా మెసేజి సగం కరెక్టు. యాక్టివేటెడ్ కార్బన్ బెంజీన్‌ని నిజంగానే పట్టుకుంటుంది, శుద్ధి చేసేవాళ్ళు వాడేదీ అదే. అది పొయ్యిలో బొగ్గు కాదు, నిండిపోయాక పట్టడం మానేస్తుంది, ఎప్పుడు నిండిందో మీకు చెప్పదు.

ఉద్దానం కిడ్నీ జబ్బులకి హైవే బంకులే కారణమన్న పాయింటు చదివి నిజంగా ఒళ్ళు మండింది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడితోటల మధ్య ఊళ్ళలో దశాబ్దాలుగా మనుషులు పోతున్నారు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని, నొప్పిమాత్రలు, వంశపారంపర్యం అన్నారు, ఇదే అని ఇంకా తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చారు, 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. ఇన్నేళ్ళుగా డాక్టర్లు తేల్చలేనిది మీరు రెండు లైన్లలో తేల్చేశారు, అవార్డేదైనా ఉంటే ఇప్పించాలి. బెంజీన్ ప్రధానంగా దెబ్బకొట్టేది ఎముక మజ్జని, రక్తాన్ని, తెచ్చేది రక్త క్యాన్సర్. డయాలసిస్ మంచం మీదున్నవాళ్ళ పిల్లలకి ఈ మెసేజి వెళ్తే వాళ్ళు ఏ బంకు మీదికి పోవాలి?

బంకుకి కిలోమీటరు లోపలి ఇళ్ళు ఖాళీ చెయ్యాలని చట్టమట. లేదు. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది కొత్త బంకుల గురించి: బడి, ఆసుపత్రి, నివాస ప్రాంతాలకి 50 మీటర్ల దూరం, ఏ పరిస్థితిలోనూ 30కి తగ్గకూడదు. అసలు చూడాల్సింది భూమిలో నీరు ఏ వైపు నడుస్తోందన్నది. బంకుకి ఎగువన యాభై మీటర్లలో ఉన్న నుయ్యి బాగుండి, దిగువన గెడ్డ (వాగు) వైపు నూట యాభై మీటర్లలోది చెడిపోవచ్చు. దిశ తెలియాలంటే కనీసం మూడు బోర్లలో నీటిమట్టం కొలవాలి, రెండు చాలవు.

చివరిది, "బంకువాళ్ళకి కూడా తెలియదు." ఇది ఒప్పుకుంటున్నాను. సెకనుకి ఒక్క చుక్క కారితే రోజుకి సుమారు నాలుగు లీటర్లు. రెండు మీటర్ల వ్యాసమున్న 20 వేల లీటర్ల ట్యాంకు సగం నిండి ఉంటే డిప్ రాడ్ (ట్యాంకులో మట్టం కొలిచే గీతల కడ్డీ) మీద ఒక్క మిల్లీమీటరు అంటేనే దాదాపు పదమూడు లీటర్లు. పొద్దున్నే డిప్ కొట్టే కుర్రాడు ఆ తేడా ఎలా పట్టుకుంటాడు? నెలకి నూట ఇరవై లీటర్లు పోయినా ఆవిరి ఖాతాలో కలిసిపోతుంది. మన పంచాయతీ కిట్లు చూసేది ఫ్లోరైడు, ఇనుము, నైట్రేటు, కాఠిన్యం, బెంజీన్ కాదు. కాబట్టి "టెస్టు చేశారు, నీళ్ళు ఓకే" అన్న కాగితం మీ దగ్గరున్నా ఈ విషయంలో పనికిరాదు. మెసేజిలో టెన్షన్ పడాల్సిన పాయింటు ఇదొక్కటే, దాన్ని ఎనిమిదో నంబరులో పెట్టారు.

బావా, నువ్వు కూల్‌డ్రింకు సీసాలో పట్టి ఎండలో స్కూటర్ మీద శ్రీకాకుళం లాబ్‌కి తీసుకెళ్తానన్న నీళ్ళు పారబొయ్యి, ఉన్న బెంజీన్ దారిలోనే ఎగిరిపోతుంది. నలభై మిల్లీలీటర్ల గాజు సీసాలుంటాయి, అంచు దాకా నింపి మూత బిగించి తలకిందులు చేస్తే లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు, వెంటనే ఐసు పెట్టెలో పెట్టాలి. ఆదివారం నేనే పట్టుకొస్తాను. అప్పటిదాకా మంచినీళ్ళు ట్యాంకరువే తాగండి, నూతి దగ్గర బీడీ వద్దు.